బేరం రాని వియ్యంకుడు

మా ఆయన గోడ చూసి ధర చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు గోడకి చెవి ఆనించి వేళ్ల కణుపులతో రెండుచోట్ల కొడతారు. లోపల ఏం వినపడుతుందో ఇన్నేళ్ల కాపురంలో నాకు ఒక్కసారీ చెప్పలేదు. తర్వాత పైకప్పు వైపు చూసి నాలుక చప్పరిస్తారు. చెమ్మ కోసం మూలమూలకీ తిరుగుతారు. కొలత టేపుని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదువుతారు. దగ్గరగా పెడితే అంకెలు కనపడవు, అద్దాలు పెట్టుకోమంటే పెట్టుకోరు, అది వేరే సంగతి. ఇదంతా అయ్యాక ఒక అంకె చెబుతారు.

ఆ అంకె వినగానే ఇంటాయన గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. "అంతా? ఇల్లు కట్టినప్పుడు కూడా అంత అవలేదయ్యా!" అంటాడు. "లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రెండు కోటింగులు వేస్తే అంతవుతుంది బాబూ. ఏదో పూసి పొమ్మంటే చెప్పండి, పూసి పోతా" అని ఈయన సంచి భుజాన వేసుకుంటారు. గేటు దాకా నడుస్తారు. నెమ్మదిగా నడుస్తారు, అందులోనే ఉంది కిటుకంతా. గడియ మీద చెయ్యి పడీపడకముందే వెనక నుంచి "ఏమయ్యా, ఇలా రా" అనే పిలుపు వస్తుంది. చివరికి మొదట చెప్పినదాంట్లో సగానికి తెగుతుంది. ఆ సగమే అసలు ధర. ఆ సంగతి ఈయనకీ తెలుసు, ఇంటాయనకీ తెలుసు, వీధి కుక్కకి కూడా తెలుసు. అందుకే ఈయన్ని అందరూ సగం మేస్త్రీ అంటారు.

ఒకసారి మాత్రం ఒక కొత్త టీచరమ్మ, పాపం ఊరికి కొత్త, మొదటి అంకెకే "సరేనండీ, ఎప్పుడొస్తారు?" అంది. ఈయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఏదో దొంగతనం చేసినవాడిలా మంచం మీద అటూ ఇటూ దొర్లారు. ఆ ఇంటికి మూడో కోటింగు వేశారు, గేటుకి ఊరికే రంగేశారు, పిట్టగోడ పగిలితే సిమెంటు కూడా పెట్టొచ్చారు. బేరం ఆడనివాళ్లంటే మా ఆయనకి భయం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నా సంగతి చెప్పాలంటే, నేను ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పనిచేస్తాను. ఉతికొచ్చినవి మడిచి వార్డులకి ఇవ్వడం, మాసినవి వెనక్కి తీసుకోవడం. ఇరవై కావాలంటే ఇరవై ఇస్తాను. నలభై అడిగి ఇరవై పట్టుకెళ్లే నర్సు ఇంకా పుట్టలేదు. అందుకని ఈయన పద్ధతంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంటే. చెబితే వింటేగా! "అది వ్యాపారమే, నీకు తెలీదు" అంటారు. సరే, నాకేం తెలుసు.

మాకు ఒక్కతే అమ్మాయి. కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు కోసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. అదే కొట్టు ముందుగదిలో కళ్ల పరీక్ష చేసే కుర్రాడు తనని ఇష్టపడ్డాడు, తనూ ఇష్టపడింది. ఇద్దరూ మాటకారులు కాదు, పనిమంతులు. పెళ్లి సంగతి చెప్పడానికి మా అమ్మాయి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, అబ్బాయి ఫోటో చూపించి, "చూపు బాగుందా?" అని అడిగింది. ఈయన ఫోటోని చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చూసి, బాగుందన్నారు.

అయితే పెళ్లితో పాటు ఇంకో సంగతి ముడిపడి ఉంది. కొట్టు పెద్దాయనకి చేతులు వణకడం మొదలైంది. కొట్టు వదిలేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకున్నాడు. "అద్దాలు కోసే మిషనుతో సహా మీ ఇద్దరికే ఇస్తానమ్మా. బయటివాడికి చెప్పే ధర మీకు చెప్పను. కాకపోతే డబ్బు మాత్రం ఒక్కసారే కావాలి" అన్నాడు. మేము పెళ్లికని దాచింది, అబ్బాయి వాళ్లు దాచింది, పిల్లల జీతాల్లో మిగిలింది అంతా కలిపితే, చిన్న పెళ్లయితే కొట్టూ వస్తుంది, పెళ్లీ అవుతుంది. పెద్ద పెళ్లయితే పెళ్లొక్కటే అవుతుంది. మర్నాటి నుంచి ఇద్దరూ ఎవడో కొత్త యజమాని కింద జీతానికే.

"నాన్నా, రెండు వైపులా కలిపి నూటయాభై మంది. అంతకుమించి ఒక్కరు కూడా వద్దు" అంది అమ్మాయి.

"నా తల్లీ, నేనుండగా నీకెందుకే బెంగ? ఖర్చు తగ్గించడం నాకు నేర్పాలా?" అన్నారు ఈయన.

నాకు బెంగ మొదలైంది అక్కడే.

అబ్బాయి తండ్రికి ఇనుప సామాను కొట్టు ఉంది. గొళ్లాలు, మడతబందులు, తాళాలు, మేకులు, పంపులు. కొట్టులో అడుగుపెట్టగానే ఎదురుగా పెద్ద బోర్డు: బేరాలు లేవు. ఊరికే పెట్టింది కాదది. డజను మడతబందులు తీసుకుని ఒక్కటి కొసరు కలపమన్నా సరే, ఆయన డజనూ తిరిగి డబ్బాలో పెట్టేస్తాడు. సొంత బావమరిదికే ఒక తాళం ధర పైసా తగ్గించలేదని, ఆ బావమరిది మూడేళ్లు ఇంటికి రాలేదని, ఆయన భార్య, మా వదినగారు, తర్వాత నాతో నవ్వుతూ చెప్పారు. అలాగని పిసినారి కాడు. ఎవరి దగ్గర కొన్నా వాళ్లు చెప్పిందే ఇచ్చేస్తాడు. ధరంటే ధరే, మాటంటే మాటే, అంతే ఆ మనిషి.

ఇలాంటి ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టాం. ఎవరి ఖర్మ?

మాటలకి వాళ్లే మా ఇంటికొచ్చారు. ముందుగది గోడలకి ఈయన లేత పసుపు వేసి ఉంచారు. ఇంకా వాసన పోలేదు. వదినగారు ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని "బావుంది రంగు" అన్నారు. పిల్లలిద్దరూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఖర్చు చెరిసగం అన్న మాట వాళ్లే ఎత్తారు. మేము సరేనన్నాం. అంతా వెన్నలా జరిగిపోతోంది. నేను టీ గ్లాసులు అందిస్తున్నాను.

అప్పుడు అబ్బాయి తండ్రి అడిగాడు. "బావగారూ, మనుషులు ఎంతమంది అనుకుంటున్నారు?"

ఈయన గోడ వైపు చూశారు. తర్వాత పైకప్పు వైపు చూశారు. నాలుక చప్పరించారు. అయ్యో అనుకున్నాను. నా చేతిలో గ్లాసు ఉంది గానీ, లేకపోతే ఆ నోటికి అడ్డం పెట్టేదాన్నే.

"ఎంత లేదన్నా ఐదొందలు" అన్నారు.

అని వెనక్కి వాలి, ఎదుటాయన గుండె మీద చెయ్యి ఎప్పుడు వేసుకుంటాడా అని చూస్తున్నారు. "అమ్మో, ఐదొందలే! అంతమంది ఎందుకండీ?" అని ఆయన అనాలి. "సరే, మీకోసం నాలుగొందలు" అని ఈయన అనాలి. అలా అలా దిగి నూటయాభై దగ్గర ఆగాలి. వియ్యంకుడి మాట మన్నించినట్టూ ఉంటుంది, మన లెక్కా మనకి దక్కుతుంది. అదీ ఈయన తెలివి.

ఆయన టీ ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "సరే బావగారూ" అన్నాడు. "ఐదొందలు. ఖాయం."

అమ్మాయి నన్ను చూసింది. నేను ఈయన్ని చూశాను. ఈయన గోడని చూస్తున్నారు.

వాళ్లు వెళ్లాక నేనేం అన్నానో ఇక్కడ రాయను. పక్కింటివాళ్లు విన్నారు, అది చాలు. అమ్మాయి మాత్రం అరవలేదు, ఏడవలేదు. కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి కొంగుతో తుడుస్తూ తుడుస్తూ ఉండిపోయింది. చాలాసేపయ్యాక అంది, "గోడలకి చెప్పే లెక్క మనుషులకి చెప్పావు నాన్నా."

"తగ్గిస్తాడనుకున్నానే తల్లీ" అన్నారు ఈయన. "ఏ మనిషైనా తగ్గిస్తాడు కదే!"

మర్నాడు అబ్బాయి వాళ్ల నాన్నని కదిపి చూశాడట. "పెద్దవాళ్లం మాటిచ్చుకున్నాం, మధ్యలో నువ్వు కల్పించుకోకు" అని ఒక్క ముక్కతో నోరు మూయించాడు ఆయన. ఇక ఈయనే వెళ్లి చెప్పుకోవాలి. "వెళ్లి నిజం చెప్పండి, పోయేదేముంది?" అన్నాను. "పిల్ల తండ్రి మాటిచ్చి వెనక్కి తీసుకున్నాడంటే, రేపు దానికా ఇంట్లో విలువేం ఉంటుందే?" అన్నారు. అన్నారే గానీ మనసాగక వెళ్లారు.

వెళ్లి, ఒక గొళ్లెం కొనుక్కొచ్చారు.

"ఏమైంది?" అన్నాను.

"కొట్లోకి వెళ్లానా, ఎదురుగా ఆ బోర్డు. బేరాలు లేవు అని. ఆయనేమో 'ఏం కావాలి బావగారూ' అన్నాడు. నోట్లోంచి గొళ్లెం అని వచ్చేసింది."

"ఎంతకిచ్చాడు?"

"ఎంతంటే అంత ఇచ్చా."

మా ఆయన అడిగినంత ఇచ్చారు! అప్పుడే నాకు అర్థమైంది, ఈ మనిషికి కాళ్ల కింద నేల కదిలిపోయిందని. అలా ఎన్నిసార్లు వెళ్లారో. వెళ్లినప్పుడల్లా ఒక గొళ్లెమో, జత మడతబందులో, తాళం కప్పో. మా స్నానాలగది తలుపుకి లోపల ఒకటి, బయట ఒకటి, మధ్యలో ఇంకొకటి గొళ్లాలు పడ్డాయి. లోపలికెళ్లిన మనిషి బయటికి రావాలంటే అరగంట. మిగతావి సంచిలో పోగుపడుతున్నాయి.

అక్కడ నోరు పెగలని మనిషి మిగతా ఊరి మీద మాత్రం విజృంభించారు. హాలు ఓనరు దగ్గరికెళ్లి, భోజనాల గదికి రంగేస్తాను, అద్దె అందులో సరిపెట్టుకొమ్మని ఒప్పించారు. కార్డులు అచ్చు వద్దు, ఫోన్లలో పంపిద్దామన్నారు. కుర్చీల మీద తెల్లబట్టలు వద్దు, కుర్చీలు బానే ఉన్నాయన్నారు. పెళ్లిబట్టలు మా ఆసుపత్రి పక్క టైలరమ్మతో మాట్లాడి, కూలి బదులు ఆవిడ వంటింటికి రంగు. ఫోటోల కుర్రాడికి వాళ్ల మేడ మెట్ల గోడ. ఆ నెలలో మా ఆయన డబ్బు తీసుకుని వేసిన గోడ ఒక్కటి ఉంటే ఒట్టు.

వంటాయన దగ్గర మాత్రం ఆటలు సాగలేదు. గేటు దాకా నడిచారు, నెమ్మదిగానే నడిచారు. ఆయన పిలిచాడు, ధరా తగ్గించాడు. కానీ చివర్న, "మేస్త్రీ, ప్లేటు ధర ఎంతైనా లాగు, కాదనను. మనుషుల కడుపులు సగం చెయ్యమంటే మాత్రం నా వల్ల కాదు" అన్నాడు. అసలు ఖర్చంతా అక్కడే ఉంది. కొండంత ఖర్చుకి గోరంత తగ్గింపు.

పైగా ఇంకో తమాషా. ఐదొందలు అన్నాం సరే, మాకు అంతమంది ఉండాలి కదా! నా వైపు, ఈయన వైపు, వీధి, ఆసుపత్రి, రంగుల కొట్టు, అందర్నీ లాక్కొచ్చి కూర్చోబెట్టినా ఎనభై దాటడం లేదు.

"మిగతావాళ్లని ఎక్కణ్నుంచి తెస్తారు, అద్దెకా?" అన్నాను.

"రంగేసిన ఇళ్లవాళ్లందర్నీ పిలుద్దామే."

"వాళ్లొచ్చి భోజనం కూడా సగమే తింటారా?"

ఈయన నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మాటకి నవ్వకపోయేసరికి నాకే ఏదోలా అయింది.

ఆ వారమే అమ్మాయి పని నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది. "ఎవరో వచ్చి కొట్టు చూసుకెళ్లారమ్మా. మిషను ఆన్ చేయించుకుని చూశారు. నేనే ఆన్ చేసి చూపించా" అంది. పెద్దాయన శనివారం దాకా ఆగుతానన్నాడట, ఆ పైన తన చేతుల్లో లేదన్నాడట. తను కోసే మిషనుని తన చేత్తోనే వేరేవాళ్లకి చూపించిందా పిల్ల! "పోనీలే అమ్మా, జీతమైతే ఎక్కడికీ పోదు కదా" అంది మళ్లీ. ఆ 'పోనీలే' విన్నాక ఇక నా వల్ల కాలేదు.

ఈయన నిచ్చెన మీద ఉన్నారు, హాలువాళ్ల భోజనాల గదిలో. వెళ్లి కింద నిలబడ్డాను.

"దిగండి."

"ఈ మూల అయిపోతే..."

"దిగుతారా, నిచ్చెన లాగెయ్యనా?"

దిగారు. గొళ్లాల సంచి నా చేతిలోనే ఉంది. ఒంటి మీద రంగు మరకలతోనే ఆ మనిషిని వెంటబెట్టుకుని ఇనుప సామాను కొట్టుకి నడిచాను. దారిలో ఈయన రెండుసార్లు ఆగారు. రెండుసార్లూ నేను ఆగలేదు.

కొట్టులోకి అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. ఎదురు గోడ బోసిగా ఉంది. మేకుకి కింద నలుచదరంగా తెల్లటి మచ్చ. బోర్డు లేదు. చూస్తే అది గల్లాపెట్టె పక్కన, గోడకి ఆనించి, మొహం తిప్పి పెట్టి ఉంది. మా వియ్యంకుడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక అట్ట మీద ఎర్రరంగుతో ఏదో రాస్తున్నాడు. మమ్మల్ని చూసి గబగబా అట్ట తిరగేశాడు గానీ రంగు ఆరలేదు, చొక్కాకి అంటుకుంది. మా ఆయన కళ్లు చిట్లించి ఆ చొక్కా మీద తిరగబడి పడ్డ అక్షరాలు కూడబలుక్కుని చదివారు. తగ్గింపు ధరలు.

"ఇదేంటి బావగారూ? మీ బోర్డు ఎందుకు తీసేశారు?" అన్నారు, ఎవరో పోయారని విన్నట్టు.

"సరుకు కొంత తెగనమ్ముదామని" అన్నాడాయన. "ఐదొందల మంది ఖర్చులో సగం అంటే, మా దగ్గరున్నది చాలట్లేదు బావగారూ. మిమ్మల్ని అనట్లేదు. ఒక్కగానొక్క కూతురు, మీకూ ఉంటుంది కదా ముచ్చట."

"నాకా! ముచ్చటా!"

"మా వైపు ఎంత లెక్కేసినా యాభై మందే. మిగతా నాలుగొందలయాభై మీవాళ్లే కదా. అంత బలగం ఉన్న మనిషికి పిల్లల కొట్టు కోసం కొందర్ని మానుకోండి అని ఎలా చెప్పను? పైగా మీరు రోజూ వచ్చి గొళ్లాలు, తాళాలు కొంటున్నారు. ఇల్లంతా బాగుచేయిస్తున్నారనుకున్నా. ఎంత ఘనంగా చేస్తున్నారో అని ఇంకా హడలిపోయా."

నేను సంచి తీసుకెళ్లి గల్లాపెట్టె మీద బోర్లించాను. గొళ్లాలు, మడతబందులు, తాళం కప్పలు అన్నీ గలగలా పడ్డాయి. "ఇవే అన్నయ్యగారూ ఆ ఘనం. కాగితం కూడా విప్పలేదు. మాకున్నది ఎనభై మంది. మీకు నిజం చెబుదామని వచ్చి, చెప్పలేక, వచ్చినప్పుడల్లా ఒకటి కొన్నారు ఈయన."

ఆయన ఆ కుప్పని చూశాడు. నన్ను చూశాడు. "మరి ఐదొందలని ఎందుకన్నారు?"

"మీరు తగ్గిస్తారనండీ!" అని మా ఆయన దాదాపు ఏడ్చినంత పని చేశారు. "ఎవరైనా తగ్గిస్తారు కదండీ! నూటయాభై కావాలంటే ఐదొందలు చెప్పాలి, అది పద్ధతి! అమ్మో అనాలి మీరు! సరే అంటారేంటండీ?"

"మీరు ఐదొందలన్నారు. ఐదొందలంటే ఐదొందలే అనుకున్నా" అన్నాడాయన అమాయకంగా.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మేకుల డబ్బా మీద కూలబడ్డాను. ఇద్దరు పెద్దమనుషులు, ఒకరికి ఉన్న మాట చెప్పడం రాదు, ఒకరికి లేదని చెప్పడం రాదు. మధ్యలో పిల్లల కొట్టు గంగలో కలవబోయింది.

"అయిందేదో అయింది. ఇప్పుడు తగ్గించండి" అన్నారు ఈయన.

"అలా ఎలా? మాట అయిపోయింది కదా."

"అవలేదు. నేను ధర చెప్పాను, మీరింకా బేరం ఆడలేదు. ఇప్పుడాడండి. మన ఇద్దరి పరువూ పోదు. ఊఁ."

ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రెండూ జేబుల్లో పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి, "నాలుగొందల తొంభై?" అన్నాడు.

మా ఆయన నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో రామా! అలా కాదండీ! ముందు గుండె మీద చెయ్యి వెయ్యండి. ఇటు కాదు, ఎడమవైపు. ఆఁ. ఇప్పుడు 'ఐదొందలే!' అని అరవండి. నేను మీ వేలేదో కోశానన్నట్టు అరవాలి."

"ఐదొందలే" అన్నాడాయన, రసీదు చదివినట్టు.

"సర్లెండి, అదీ ఒక రకం. ఇప్పుడు నూరు అనండి."

"మీకు కావాల్సింది నూటయాభై అన్నారు కదా?"

"మీకెందుకండీ నాకు కావాల్సింది! నూరనండి. నేను నాలుగొందలంటాను. అప్పుడు మీకు కోపం వచ్చి వెళ్లిపోవాలి."

"ఎక్కడికి? ఇది నా కొట్టే కదా."

"గుమ్మం దాకా! నెమ్మదిగా! నేను పిలిచేదాకా!"

నూరన్నాడు. ఈయన నాలుగొందలన్నారు. ఆయన పాపం చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, గుమ్మం వైపు నడిచాడు. నెమ్మదిగా అన్నది మాత్రం మర్చిపోయాడు. గుమ్మం దాటేశాడు. మెట్లు దిగేశాడు. రోడ్డు దాటి అవతలి టీ కొట్టు దాకా వెళ్లిపోయాడు, వెనక్కి చూడకుండా. గుండె మీద చెయ్యి అలాగే ఉంది. చూసినవాళ్లు ఆయనకేదో అయిందనుకున్నారు, ఒకతను స్టూలు కూడా లాగాడు.

"బావగారూ! రండి! ఇటు రండి!" అని మా ఆయన మెట్ల మీద నుంచి గొంతు చించుకున్నారు. "మూడొందలు! రెండొందలు! అబ్బ, నూటయాభై, రండి!"

ఆయన రోడ్డు దాటి వెనక్కి వచ్చాడు. మొహం ఎర్రగా అయింది. కళ్లలో ఏదో కొత్త వెలుగు. "నూరు" అన్నాడు.

"నూటయాభైకి తెగింది కదండీ, అదే మనకి కావాల్సింది..."

"మీరు ఎనభై, మేము యాభై. కానీ మావాళ్లలో ఆ బావమరిది వైపు సగం మంది రారు, మీ వీధిలో వచ్చేది ఇంటికొకళ్లే. నూరు చాలు. నూరంటే నూరే." ఆయన వంగి ఆ బోర్డు తీసి, చొక్కా చేతితో తుడిచి, మేకుకి తగిలించేశాడు. "ఇక బేరాలు లేవు."

మా ఆయన నోరు తెరిచారు. బోర్డు చూశారు. నోరు మూసుకున్నారు. ఇన్నేళ్లలో ఒక బేరం ఓడిపోవడం అదే మొదటిసారి. ఓడిపోయి, ఆ రంగు మరకల చేతులతోనే వియ్యంకుణ్ణి వాటేసుకున్నారు. అమ్మయ్య అని నేను పైకే అన్నాను. నా గుండెల మీద నుంచి రోలు దిగినట్టయింది.

అక్కణ్నుంచే అమ్మాయికి ఫోన్ చేశాం. అటువైపు మిషను గీమంటూ తిరుగుతున్న చప్పుడు. "నూరు మందేనే తల్లీ, ఖాయం" అన్నారు ఈయన.

"నిజం లెక్కేనా నాన్నా, గోడల లెక్కా?"

ఈయన ఫోన్ వియ్యంకుడికి ఇచ్చారు. "నూరమ్మా" అన్నాడాయన, అంతే. మిషను చప్పుడు ఆగిపోయింది. తర్వాత వెక్కిళ్లు వినపడ్డాయి. ఐదొందలన్న రోజు ఏడవని పిల్ల, నూరని వినగానే భోరుమంది. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచుకోవాలి, హాయిగా ఏడ్చాను. ఆ సాయంత్రమే పిల్లలిద్దరూ వెళ్లి పెద్దాయన చేతిలో డబ్బు పెట్టారు. గొళ్లాల కుప్ప గురించి వియ్యంకుడు ఒక్కమాటే అన్నాడు: "అమ్మినవి వెనక్కి తీసుకోనమ్మా." ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి.

పెళ్లి హాలువాళ్ల మేడ మీది చిన్నగదిలో జరిగింది. కింది పెద్ద హాలు వద్దనేసరికి ఓనరు భోజనాల గది సగం రంగుతోనే సరే అన్నాడు. అక్కడా సగమే. తొంభై ఆరుమంది వచ్చారని వంటాయన చెప్పాడు. అలిగిన బావమరిది కూడా వచ్చాడు, తాళం సంగతి ఎత్తకుండా కడుపునిండా తిని వెళ్లాడు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పిల్లల కొట్టుకి వెళ్లాం. ఎట్టకేలకు మా ఆయన కళ్ల పరీక్షకి ఒప్పుకున్నారు. అల్లుడు పరీక్ష చేశాడు, అమ్మాయి అద్దాలు కోసి బిగించింది. వియ్యంకుడు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు, సాయంత్రాలు ఆయనకి అక్కడే కాలక్షేపం. అమ్మాయి ధర చెప్పింది. మా ఆయన చెయ్యి దానంతటదే గుండె మీదకి వెళ్లింది.

"అంతా! సొంత తండ్రికి కూడానా?"

"ఒక్కటే ధర నాన్నా."

ఈయన లేచారు. సంచి భుజాన వేసుకున్నారు. గుమ్మం వైపు నడిచారు, నెమ్మదిగా. అమ్మాయి పిలవలేదు. అల్లుడు నవ్వాపుకుంటూ డ్రాయరు సర్దుతున్నాడు, వాడూ పిలవలేదు. నేనసలే పిలవను. ఈయన చెయ్యి తలుపు మీద పడింది, అక్కడే ఆగిపోయింది. వెనక నుంచి చూస్తేనే, చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నారని తెలుస్తోంది. పాపం అనిపించింది.

అప్పుడు పేపరు వెనక నుంచి మా వియ్యంకుడు, తల ఎత్తకుండానే, "ఏమండీ బావగారూ, ఇలా రండి" అన్నాడు.

ఈయన వెంటనే వెనక్కి వచ్చేశారు. కళ్లజోడు పెట్టుకున్నారు. జేబులోంచి డబ్బు తీసి, అమ్మాయి చెప్పినంతా చెప్పినట్టు దాని చేతిలో పెట్టారు.